గాయపడిన ఏడాది ఎవరి లెక్కలోకి? – అమెరికా కళాశాల ఫుట్‌బాల్‌లో ఆటగాడి అర్హత

అమెరికా కళాశాలల ఫుట్‌బాల్ పోటీలలో ఒక విద్యార్థి ఎన్నేళ్ళు ఆడవచ్చునన్న దానికి కచ్చితమైన హద్దు ఉన్నది. ఆ కొద్ది సంవత్సరాలలో ఒకటి గాయం పాలైతే దానిని తిరిగి ఇచ్చే ఏర్పాటు కూడా నియమావళిలో ఉన్నది. అయితే ఆ ఏర్పాటు నొప్పిని కొలవదు. గాయం ఏ తేదీన తగిలింది, అంతకు ముందు ఎన్ని ఆటలు ఆడాడు, వైద్యుడు ఆనాడే ఏమి రాసి పెట్టాడు అన్న మూడు విషయాల మీదనే ఫలితం ఆధారపడుతుంది. ఒకే రకమైన గాయం ఒకరికి ఏడాదిని తిరిగి తెచ్చిపెట్టగా, మరొకరికి ఏమీ మిగల్చకపోవడానికి కారణం ఇదే. పై చదువులకు అక్కడికి వెళ్ళిన మన పిల్లల నోట తరచుగా వినవచ్చే ఈ ఆట గురించి, అందులోని అర్హత నియమాల గురించి, వాటి వెనుక ఉన్న కుటుంబాల కష్టసుఖాల గురించి ఈ వ్యాసం వివరిస్తుంది.

ఆట, సంస్థ

అమెరికాలో ఫుట్‌బాల్ అంటే మనం కాలితో ఆడే బంతాట కాదు. కోడిగుడ్డు ఆకారంలోని బంతిని చేతబట్టుకొని, నూరు గజాల మైదానంలో అవతలి హద్దు దాటించడం ఇందులోని లక్ష్యం. జట్టుకు 11 మంది. ఎదుటివారు బంతి ఉన్నవాడిని ఒడిసిపట్టి నేలకు పడగొడతారు. కబడ్డీలో పట్టు ఎంత సహజమో ఇందులో పడగొట్టడం అంత సహజం. కనుక తలకు శిరస్త్రాణం, భుజాలకు కవచం ఉన్నప్పటికీ గాయాలు తప్పవు. పెద్ద విశ్వవిద్యాలయాల సీజన్ ఆగస్టు చివర మొదలై డిసెంబరు తొలి రోజులలో ముగుస్తుంది. ప్రతి జట్టు సాధారణంగా 12 ఆటలు ఆడుతుంది. ఆపైన గెలుపుల లెక్కను బట్టి అదనపు పోటీలు ఉంటాయి.

ఈ పోటీలను నడిపే సంస్థ పేరు నేషనల్ కాలేజియేట్ అథ్లెటిక్ అసోసియేషన్. వాడుకలో ఎన్‌సీఏఏ అంటారు. ఈ సంస్థ పుట్టుకకే గాయాలు కారణం. 1905 సీజన్‌లో పలువురు యువకులు ఈ ఆట వల్ల ప్రాణాలు కోల్పోయారు. నాటి అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ప్రధాన కళాశాలల ప్రతినిధులను పిలిపించి ఆటను సంస్కరించవలసిందని కోరాడు. ఆ కదలిక నుంచి 1906లో ఏర్పడిన సంఘమే 1910లో ఎన్‌సీఏఏగా పేరు మార్చుకొన్నది.

రెండు లెక్కలు

అర్హతను అర్థం చేసుకోవాలంటే రెండు వేర్వేరు లెక్కలను గుర్తుంచుకోవాలి. ఈ రెండింటినీ కలగలిపి చూచినవారే తికమక పడతారు.

మొదటిది సీజన్ల లెక్క. 2024 సీజన్ నాటికి అమలులో ఉన్న నియమం ప్రకారం ఒక విద్యార్థి ఒక క్రీడలో నాలుగు సీజన్లు పోటీ పడవచ్చు. రెండవది సంవత్సరాల లెక్క. మొదటి శ్రేణి విశ్వవిద్యాలయాలలో ఈ నాలుగు సీజన్లనూ అయిదు సంవత్సరాల గడువులో పూర్తి చేయాలి. ఏ కళాశాలలోనైనా పూర్తికాల విద్యార్థిగా చేరిన నాటి నుంచి ఈ గడువు నడవడం మొదలవుతుంది. ఆటగాడు ఆడినా, ఆడకపోయినా, కళాశాల మారినా, చదువు మధ్యలో మానినా గడువు నడుస్తూనే ఉంటుంది. సైనిక సేవ, చర్చి తరఫున మత సేవా యాత్ర వంటి కొన్ని సందర్భాలలో మాత్రమే నిలుస్తుంది. రెండవ, మూడవ శ్రేణి కళాశాలలలో సంవత్సరాలకు బదులు పది సెమిస్టర్ల లెక్క ఉన్నది.

నాలుగు సీజన్లకు అయిదేళ్ళు ఇవ్వడంలో ఒక ఏడాది వెసులుబాటు ఉన్నది. ఆ ఏడాది ఆటగాడు జట్టుతో కలిసి సాధన చేస్తాడు, తరగతులకు వెళతాడు, పోటీలలో మాత్రం దిగడు. దీనినే రెడ్‌షర్ట్ సంవత్సరం అంటారు. పోటీకి దిగని ఆటగాడు సాధనలో ఎర్రచొక్కా ధరించడం వల్ల ఆ పేరు వచ్చిందని చెబుతారు. కొత్తగా చేరిన పిల్లవాడు ఒళ్ళు గట్టిపరచుకోవడానికి శిక్షకులు తరచుగా తొలి ఏడాదినే ఇందుకు కేటాయిస్తారు. 2018కి ముందు సీజన్‌లో ఒక్క ఆటలో కొన్ని నిమిషాలు దిగినా ఆ సీజన్ ఖర్చయిపోయేది. 2018 నుంచి ఫుట్‌బాల్‌లో నాలుగు ఆటల వరకు ఆడినా రెడ్‌షర్ట్ దక్కేలా నియమాన్ని సడలించారు.

రెడ్‌షర్ట్ సీజన్ల లెక్కను కాపాడుతుంది, సంవత్సరాల లెక్కను ఆపదు. ఈ ఒక్క తేడా తెలిస్తే తరువాతి విషయమంతా సులభం.

గాయం తగిలినప్పుడు

ఆటగాడు తన రెడ్‌షర్ట్ ఏడాదిని ముందే వాడుకొని, ఆపైన గాయపడితే అతనికి మిగిలిన దారి వైద్య కారణాల మినహాయింపు. దీనినే జనం వాడుకలో మెడికల్ రెడ్‌షర్ట్ అంటారు. మొదటి శ్రేణిలో దీనికి మూడు కొలతలు నిర్ణయించారు.

మొదటి కొలత గాయం స్వభావం. ఆ సీజన్‌లో మిగిలిన ఆటలన్నిటికీ ఆటగాడు పనికిరాకుండా పోయిన గాయమో, జబ్బో అయి ఉండాలి. ఆట మైదానంలోనే తగలనక్కరలేదు.

రెండవ కొలత కాలం. సీజన్ రెండవ సగం మొదలు కాకముందే గాయం తగిలి ఉండాలి. 12 ఆటల సీజన్‌లో ఆరు ఆటలు ముగిసి ఏడవది మొదలైతే రెండవ సగం వచ్చినట్లే.

మూడవ కొలత ఆడిన ఆటల సంఖ్య. మూడు ఆటలు, లేదా సీజన్ మొత్తంలో 30 శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానిని మించకూడదు. 12 ఆటలకు 30 శాతం అంటే 3.6. భిన్నం వచ్చినప్పుడు పై సంఖ్యకు సవరిస్తారు కాబట్టి నాలుగు ఆటలు హద్దు.

ఈ కొలతలు ఎలా పనిచేస్తాయో చూద్దాం. మూడవ ఆటలో ఒకనికి మోకాలు చెడి, శస్త్రచికిత్స జరిగి, సీజన్ ముగిసిపోయిందనుకొందాం. అతనికి మినహాయింపు దక్కుతుంది. మరొకనికి ఎనిమిదవ ఆటలో అదే మోకాలు, అదే విధంగా చెడింది. అప్పటికే అతడు ఎనిమిది ఆటలు ఆడాడు, సగం కూడా దాటింది. అతనికి దక్కదు. ఇంకొకడు రెండవ ఆటలో గాయపడి, ఆరు వారాలు విశ్రాంతి తీసుకొని, జట్టు అవసరం చూచి తొమ్మిదవ ఆటలో కొద్దిసేపు దిగాడు. రెండవ సగంలో పోటీ పడినందున అతనికీ దక్కదు. మానీ మానని కాలితో ఆ కొద్ది నిమిషాలు మైదానంలోకి దిగడం ఒక నిండు సీజన్‌ను బలి తీసుకొంటుంది. గాయపడిన ఆటగాడిని తిరిగి దింపే నిర్ణయం వైద్యునిదే కావాలని, శిక్షకునిది కారాదని పట్టుబట్టడంలోని ఔచిత్యం ఇక్కడ స్పష్టమవుతుంది.

జేసన్ వైట్ రెండు మోకాళ్ళు

ఈ నియమాల స్వభావాన్ని ఓక్లహోమా విశ్వవిద్యాలయ ఆటగాడు జేసన్ వైట్ చరిత్ర చక్కగా తెలియజేస్తుంది. ఓక్లహోమా రాష్ట్రంలోని టటిల్ అనే చిన్న పట్టణంలో పెరిగిన వైట్ 1999లో విశ్వవిద్యాలయంలో చేరాడు. అతడు క్వార్టర్‌బ్యాక్. అనగా ప్రతి ఎత్తులోనూ బంతిని మొదట చేతబట్టి, దానిని ఎవరికి విసరాలో నిర్ణయించే కీలక స్థానం.

2001 అక్టోబరు 27న నెబ్రాస్కా జట్టుతో ఆడుతుండగా వైట్ ఎడమ మోకాలిలోని ఏసీఎల్ అనే లిగమెంట్ తెగిపోయింది. తొడ ఎముకను, కాలి ఎముకను మోకాలి లోపల పట్టి ఉంచే బంధనం ఇది. పరిగెత్తుతూ ఒక్కసారిగా దిశ మార్చినప్పుడు, కాలు నేలలో నాటుకొని ఒళ్ళు తిరిగినప్పుడు ఇది తెగుతుంది. మన ఊళ్ళలో కబడ్డీ, వాలీబాల్ ఆడే యువకులకు కూడా ఈ గాయం తెలిసినదే. తెగిన లిగమెంట్ దానంతట అదే అతుక్కోవడం అరుదు. ఆటకు తిరిగి రాదలచినవారికి శరీరంలోని వేరొక స్నాయువు ముక్కను తీసి, దాని స్థానంలో అమర్చుతారు. ఆపైన కోలుకోవడానికి సుమారు 9 నుంచి 12 నెలలు పడుతుంది.

వైట్ కోలుకొని 2002 సీజన్‌కు సిద్ధమయ్యాడు. సెప్టెంబరు 7న అలబామా జట్టుతో జరిగిన రెండవ ఆటలోనే ఈసారి కుడి మోకాలిలోని ఏసీఎల్ తెగింది. ఏడాది తిరగకుండానే రెండు మోకాళ్ళకూ శస్త్రచికిత్స జరిగింది.

పైన చెప్పిన కొలతలను ఈ రెండు గాయాలకూ వర్తింపజేసి చూడవచ్చు. రెండూ ఒకే లిగమెంట్‌కు తగిలినవి, రెండూ సీజన్‌ను ముగించినవి. కాని మొదటిది సీజన్‌లో ఎనిమిదవ ఆటలో, అనగా సగం దాటిన తరువాత తగిలింది. రెండవది రెండవ ఆటలోనే తగిలింది. 2002 గాయం కొలతలలో చక్కగా ఇముడుతుంది, 2001 గాయం ఇమడదు.

1999లో చేరినవానికి మామూలు లెక్కలో అయిదేళ్ళ గడువు 2003 సీజన్‌తో ముగియాలి. వైట్‌కు గాయాల కారణంగా ఆరవ ఏడాది కూడా లభించింది. ఆ అదనపు కాలం విలువ ఏమిటో తరువాతి చరిత్ర చెబుతుంది. 2003లో అతడు రెండు మోకాళ్ళకూ బ్రేస్‌లు కట్టుకొని మైదానంలోకి వచ్చాడు. ఆ ఏడాది 3,846 గజాల మేరకు బంతిని అందించి, 40 టచ్‌డౌన్లకు కారకుడయ్యాడు. దేశంలోని ఉత్తమ కళాశాల ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ అతనికి దక్కింది. 2004లో తిరిగి వచ్చి, జట్టును సీజన్ చివరి జాతీయ పోటీ దాకా ఓటమి లేకుండా నడిపాడు. ఆ ఏడాది హైస్మన్ ఓట్లలో మూడవ స్థానంలో నిలిచాడు.

అయితే నియమావళి తిరిగి ఇచ్చినది సంవత్సరాన్ని మాత్రమే. 2005లో వృత్తి క్రీడాకారుల ఎంపికలో ఏ జట్టూ వైట్‌ను ఎంచుకోలేదు. టెనెస్సీ టైటన్స్ జట్టు అవకాశం ఇచ్చినా, మోకాళ్ళు సహకరించడం లేదని అతడు ఆటకు స్వస్తి చెప్పాడు.

ఆరవ ఏడాదికి వేరే ద్వారం

వైద్య మినహాయింపు వల్ల సీజన్ల లెక్క మాత్రమే సరి అవుతుంది. అయిదేళ్ళ గడువు మీరిపోతే, తిరిగి వచ్చిన సీజన్‌ను ఆడుకోవడానికి సంవత్సరం ఉండదు. అందుకు గడువు పొడిగింపు అనే వేరొక మినహాయింపు కోరాలి. సాధారణ నియమం ప్రకారం ఆటగాడి చేతిలో లేని కారణాల వల్ల రెండు సీజన్లు నష్టపోయి ఉంటేనే దీనిని ఇస్తారు. శిక్షకుడు తన ఇష్టప్రకారం ఆటగాడిని పక్కన కూర్చోబెట్టిన రెడ్‌షర్ట్ ఏడాది ఈ రెండింటిలో లెక్కకు రాదు. తొలి ఏడాది మామూలు రెడ్‌షర్ట్‌లో గడిపి, ఆపైన ఒకే ఒక్క సీజన్ గాయానికి పోగొట్టుకొన్నవాడు అయిదేళ్ళలోనే తన ఆట ముగించుకోవలసి ఉంటుంది.

ఈ ద్వారం ఎంత దూరం తెరుచుకోగలదో ఆరెగన్ రాష్ట్రానికి చెందిన కామ్ మెకార్మిక్ ఉదంతం చూపింది. టైట్ ఎండ్ స్థానంలో ఆడే ఇతడు 2016లో ఆరెగన్ విశ్వవిద్యాలయంలో చేరి, ఆ ఏడాదిని రెడ్‌షర్ట్‌గా గడిపాడు. 2017లో ఆడాడు. 2018 తొలి ఆటలోనే కాలు విరిగింది. ఆ గాయపు చిక్కులు, వరుస శస్త్రచికిత్సల వల్ల 2019, 2020 సీజన్లు పోయాయి. 2021లో రెండు ఆటలు ఆడగానే మడమ వెనుక స్నాయువు తెగింది. 2022లో మాత్రం నిండు సీజన్ ఆడగలిగాడు. 2023లో మయామీ విశ్వవిద్యాలయానికి మారి, 2024లో తొమ్మిదవ ఏడాది కూడా కళాశాల జట్టులో ఆడాడు. కోవిడ్ కారణంగా 2020 సీజన్‌ను ఎవరి లెక్కలోనూ వేయరాదని ఎన్‌సీఏఏ నిర్ణయించడం కూడా ఇతనికి కలిసివచ్చింది. తొమ్మిదేళ్ళు చదివాడని విన్నవారు నవ్వుకోవచ్చును. ఆ తొమ్మిదింటిలో ఎన్ని ఆసుపత్రిలో గడిచాయో లెక్కించినవారికి నవ్వు రాదు.

ఎవరు అడగాలి, ఏ కాగితాలు కావాలి

ఈ మినహాయింపులను విద్యార్థి నేరుగా కోరలేడు. అతని తరఫున కళాశాల దరఖాస్తు చేయాలి. వైద్య మినహాయింపును మామూలుగా ఆ కళాశాల చేరి ఉన్న కాన్ఫరెన్స్, అనగా కొన్ని విశ్వవిద్యాలయాల పోటీ కూటమి, పరిశీలిస్తుంది. గడువు పొడిగింపును ఎన్‌సీఏఏ పరిశీలిస్తుంది. కళాశాల శ్రద్ధ చూపకపోతే దరఖాస్తు కదలదు. ఆటగాడు వేరే కళాశాలకు మారినప్పుడు, గాయం పాత కళాశాలలో తగిలినదైతే, పాత కాగితాలను రాబట్టే భారం కూడా ఉంటుంది.

కావలసిన వాటిలో ముఖ్యమైనది గాయపడిన నాటి వైద్య పత్రం. ఎప్పుడు పరీక్షించారు, ఏమి కనుగొన్నారు, ఎంత కాలం ఆడరాదన్నారు అన్న వివరాలు ఆ రోజులలోనే రాసినవై ఉండాలి. నెలలు గడిచాక జ్ఞాపకం మీద రాయించిన ఉత్తరానికి అంత బలం ఉండదు. శస్త్రచికిత్స నివేదిక, ఎమ్మారై స్కాన్ ఫలితం, సీజన్ పట్టిక, ఆటగాడు దిగిన ఆటల జాబితా దీనికి జతపరుస్తారు. రెండు రాష్ట్రాల కార్యాలయాల మధ్య తేదీ తప్పిన ధ్రువపత్రాలు పట్టుకొని తిరిగిన సరిహద్దు కుటుంబాలకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. సత్యం ఎంత గట్టిదైనా, సరైన తేదీతో కాగితం లేకపోతే బల్ల దగ్గర అది నిలవదు.

చిన్న దెబ్బ అని దాచుకొనే ఆటగాళ్ళు ఇక్కడే నష్టపోతారు. జట్టులో స్థానం పోతుందన్న భయంతో నొప్పిని చెప్పకుండా ఆడుతూ పోయినవానికి, చివరకు గాయం బయటపడే సరికి ఆటల సంఖ్య హద్దు దాటి ఉంటుంది. మొదటి దెబ్బ తేదీకి సాక్ష్యం కూడా ఉండదు.

చదువు ఆగరాదు

గాయం వల్ల ఆట ఆగినా, చదువు వల్ల కలిగే అర్హత వేరుగా నడుస్తూ ఉంటుంది. మొదటి శ్రేణిలో ఆటగాడు పూర్తికాల విద్యార్థిగా కొనసాగాలి. 2003లో చేరినవారి నుంచి వర్తించిన నియమం ప్రకారం మూడవ ఏడాది మొదలయ్యే సరికి పట్టాకు కావలసిన చదువులో 40 శాతం, నాలుగవ ఏడాదికి 60 శాతం, అయిదవ ఏడాదికి 80 శాతం పూర్తి చేసి ఉండాలి. శస్త్రచికిత్స సాధారణంగా సెమిస్టర్ నడుమ వస్తుంది. మందుల మత్తు, ఊతకర్రలు, రోజువారీ ఫిజియోథెరపీ మధ్య తరగతులు తప్పుతాయి. అలా కొన్ని పాఠ్యాంశాలు పోగొట్టుకొన్నవానికి, వైద్య మినహాయింపు దక్కినా, మార్కుల వల్ల అర్హత పోవచ్చు. మంచి కళాశాలలు గాయపడిన విద్యార్థికి శిక్షణ సిబ్బందితో పాటు చదువు సలహాదారును కూడా కేటాయిస్తాయి.

ఉపకారవేతనం, వైద్య ఖర్చు

గాయపడిన విద్యార్థి తల్లిదండ్రులకు కలిగే మొదటి దిగులు, ఫీజులకు అండగా ఉన్న క్రీడా ఉపకారవేతనం కొనసాగుతుందా అన్నది. 1973 నుంచి చాలా కాలం ఈ ఉపకారవేతనాలు ఏడాదికి ఒకసారి పునరుద్ధరించవలసినవిగా ఉండేవి. గాయపడినవానికి మరుసటి ఏడాది పునరుద్ధరించకపోయినా అడిగే వీలు తక్కువగా ఉండేది. 2012 నుంచి ఒకేసారి ఎక్కువ సంవత్సరాలకు ఇచ్చేందుకు అనుమతించారు. 2015 జనవరిలో పెద్ద కాన్ఫరెన్స్‌ల విశ్వవిద్యాలయాలు, ఆటతీరు బాగాలేదన్న కారణం మీద ఉపకారవేతనం తీసివేయరాదని తీర్మానించాయి. గాయం కూడా ఇందులోకే వస్తుంది. ఇక ఎన్నటికీ ఆడలేడని వైద్యులు తేల్చిన విద్యార్థి, ఆట మానినా ఉపకారవేతనంతో చదువు పూర్తి చేసుకొనే ఏర్పాటు కూడా ఉన్నది.

వైద్య ఖర్చుల విషయంలో రక్షణ ఆలస్యంగా పెరిగింది. అమెరికాలో ఒక్క శస్త్రచికిత్స ఖర్చు కుటుంబాన్ని అప్పుల పాలు చేయగలదు. అతి తీవ్రమైన గాయాలకు ఎన్‌సీఏఏ బీమా చాలా కాలంగా ఉన్నా, అది ఖర్చు 90,000 డాలర్లు దాటిన తరువాతనే పనిచేసేది. కళాశాల విడిచిన తరువాత పాత గాయం తిరగబెడితే ఎవరు భరించాలన్నది పెద్ద లోపంగా ఉండేది. 2024 ఆగస్టు నుంచి, ఆట ముగిసిన తరువాత కూడా రెండేళ్ళ వరకు ఆటలో తగిలిన గాయాల చికిత్సకు వర్తించే బీమాను ఎన్‌సీఏఏ ప్రవేశపెట్టింది.

ఈ రక్షణలు లేని రోజులలో గాయం ఎంతటి భారమయ్యేదో కెంట్ వాల్‌డ్రెప్ ఉదంతం తెలియజేస్తుంది. టెక్సాస్ క్రిస్టియన్ విశ్వవిద్యాలయ ఆటగాడైన ఇతడు 1974 అక్టోబరులో అలబామా జట్టుతో ఆడుతూ వెన్నెముక దెబ్బతిని పక్షవాతం పాలయ్యాడు. పనిలో గాయపడిన ఉద్యోగికి ఇచ్చినట్లే తనకూ పరిహారం ఇవ్వాలని ఏళ్ళ తరబడి పోరాడాడు. 1993లో అతనికి అనుకూలంగా నిర్ణయం వచ్చినా, 2000లో టెక్సాస్ అప్పీలు న్యాయస్థానం అతడు విద్యార్థే గాని ఉద్యోగి కాడని తీర్పు చెప్పింది. అతడు 2022లో మరణించాడు.

అర్హత ఉన్నా ఆట లేనప్పుడు

మరొక ఉదంతం దీనికి వేరొక పార్శ్వాన్ని చూపుతుంది. సౌత్ కరోలైనా విశ్వవిద్యాలయ రన్నింగ్ బ్యాక్ మార్కస్ లాటిమోర్ 2010లో తొలి ఏడాదే 1,197 గజాలు పరిగెత్తి దేశం దృష్టిని ఆకర్షించాడు. 2011 అక్టోబరు 15న ఎడమ మోకాలి లిగమెంట్ తెగింది. అప్పటికి సీజన్ సగం దాటింది. కోలుకొని వచ్చిన ఏడాదికి, 2012 అక్టోబరు 27న టెనెస్సీ జట్టుతో ఆడుతుండగా కుడి మోకాలు కీలు తప్పి, అందులోని పలు లిగమెంట్లు తెగిపోయాయి. రెండు జట్ల ఆటగాళ్ళూ మైదానంలోకి వచ్చి అతని చుట్టూ నిలబడ్డారు.

లాటిమోర్‌కు కళాశాలలో ఇంకా ఒక సీజన్ అర్హత మిగిలే ఉన్నది. అతడు దానిని వదలి, 2013లో వృత్తి జట్ల ఎంపికకు పేరిచ్చాడు. శాన్ ఫ్రాన్సిస్కో జట్టు అతనిని నాలుగవ విడతలో ఎంచుకొన్నది. కాని ఒక్క ఆట కూడా ఆడకుండానే 2014 నవంబరులో విరమించుకొన్నాడు. వైట్‌కు కాలం తిరిగి వచ్చింది, మోకాళ్ళు కొంతకాలం నిలిచాయి. లాటిమోర్‌కు కాలం మిగిలింది, మోకాలు నిలవలేదు. తరువాత 2018లో అతడు తన పాత విశ్వవిద్యాలయానికే వచ్చి, ఆటగాళ్ళ వికాసాన్ని చూసే బాధ్యత చేపట్టాడు.

డబ్బు వచ్చిన తరువాత

2021 జులై వరకు కళాశాల ఆటగాడు తన పేరు మీద, బొమ్మ మీద సంపాదించుకోవడం నిషిద్ధం. ఆ నెల నుంచి ప్రకటనల ద్వారా ఆదాయం పొందేందుకు అనుమతి వచ్చింది. 2025 జూన్‌లో న్యాయస్థానం ఆమోదించిన ఒప్పందంతో విశ్వవిద్యాలయాలే ఆటగాళ్ళకు నేరుగా సొమ్ము చెల్లించే వీలు కలిగింది. దీనితో గాయానికి పోయిన ఒక్క సీజన్ విలువ డాలర్లలో లెక్కకు వచ్చింది. పూర్వం అర్హత తిరస్కరిస్తే ఆట పోయేది, ఇప్పుడు ఆదాయం కూడా పోతుంది.

సహజంగానే వివాదాలు కోర్టులకెక్కాయి. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయ క్వార్టర్‌బ్యాక్ డియేగో పావియా, తాను రెండేళ్ళ జూనియర్ కళాశాలలో ఆడిన సీజన్లను నాలుగింటిలో కలపరాదని దావా వేయగా, 2024 డిసెంబరులో న్యాయమూర్తి అతనికి అనుకూలంగా తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చాడు. అతడు 2025లోనూ ఆడాడు. అది గాయపు కేసు కాకపోయినా, సీజన్ల లెక్కను న్యాయస్థానం పరిశీలించగలదని చాటింది. ఇన్ని మినహాయింపుల బదులు అయిదేళ్ళలో అయిదు సీజన్లూ ఆడనిచ్చే పద్ధతి మేలన్న వాదన కూడా 2025లో బలపడింది. అటువంటి పద్ధతిలో లెక్క సులభమవుతుంది, కాని గాయానికి ఏడాది పోగొట్టుకొన్నవానికి దానిని తిరిగి ఇచ్చే దారి ఇరుకవుతుంది. కనుక విద్యార్థి చేరిన సంవత్సరానికి ఏ నియమం వర్తిస్తుందో కళాశాలలోని నియమపాలన అధికారి వద్ద రాతపూర్వకంగా తెలుసుకోవడం అవసరం.

కుటుంబాలు గుర్తుంచుకోవలసినవి

ఏ దేశంలోనైనా, ఏ ఆటలోనైనా పిల్లవాడు కళాశాల జట్టులో చేరుతున్నప్పుడు కొన్ని ప్రశ్నలు ముందే అడగడం మంచిది. గాయపడితే చికిత్స ఖర్చు ఎవరిది? ఎంత కాలం వరకు? ఉపకారవేతనం గాయం వల్ల ఆగుతుందా? తిరిగి ఆడవచ్చునని చెప్పే అధికారం వైద్యునిదా, శిక్షకునిదా? వయస్సు, సంవత్సరాల హద్దులు ఏమిటి? జవాబులు కాగితం మీద తీసుకోవాలి.

గాయం తగిలిన రోజునే వైద్యునికి చూపించి, తేదీతో సహా నివేదిక తీసుకోవాలి. ప్రతి స్కాన్, ప్రతి చీటీ నకలు ఇంట్లో భద్రపరచాలి. నొప్పిని దాచిపెట్టి ఆడమని ఎవరు చెప్పినా వినరాదు. కోలుకొనే నెలలలో హాజరు, పరీక్షల విషయం మార్కులు పోకముందే అధ్యాపకులతో మాట్లాడుకోవాలి.

ఆట నుంచి విశ్రాంతి తప్పని ఆ నెలలు చాలామంది యువకులకు ఒళ్ళు నొప్పి కంటే మనసు నొప్పిగా గడుస్తాయి. నిన్నటి దాకా జట్టు నడుమ తిరిగినవాడు ఒక్కసారిగా గది గోడల మధ్య మిగిలిపోతాడు. ఇంటి నుంచి వచ్చే ఫోనులో మొదటి మాట ఎప్పుడు ఆడతావని కాకుండా ఎలా ఉన్నావని ఉండడం కుటుంబం చేయగల సాయం. పట్టా చేతికి వచ్చే దాకా చదువు నడిపించుకోవడం అతడు చేయగల సాయం. నియమావళి ఒక సీజన్‌ను తిరిగి ఇచ్చినా, ఇవ్వకపోయినా, ఆ పట్టా మీద గాయపు తేదీ ఉండదు.